మూకీల నాటి మన మనిషి

1934లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచిక వెలువరించారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్నట్టు ఒకరు రాసిన మాటకు ఆయన వాదంతో కాదు, లెక్కతో జవాబిచ్చారు. 354 మంది కవులను వెతికి, వారి పద్యాలూ వివరాలూ ఒకచోట చేర్చి ముందు పెట్టారు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నడిగడ్డ ఆయన సొంతగడ్డ. గద్వాల సీమలోని ఇటిక్యాలపాడు ఆయన ఊరు. 1952 ఎన్నికల్లో ఆయనను శాసనసభకు పంపింది వనపర్తి. లేరు అన్నవాళ్లకు ఉన్నారని చూపించడానికి ముందుగా వెతకాలన్న పాఠం ఈ నేల మనిషే మనకు నేర్పాడు. కవుల విషయంలో నేర్చుకున్న ఆ పాఠాన్ని నటుల విషయంలో మనం మరిచిపోయాం. తొలినాటి సినిమా అంటే మద్రాసు, బెజవాడ, రాజమండ్రి అని, ఆ కథలో తెలంగాణకు పాత్రే లేదని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ఆ మాట తప్పని చెప్పడానికి ఒక్క మనిషి జీవితం చాలు. ఆయన పైడి జైరాజ్.

జైరాజ్ 1909 సెప్టెంబరు 28న కరీంనగర్‌లో పుట్టాడు. హైదరాబాద్‌లో నిజాం కాలేజీలో చదివాడు. ఇరవై ఏళ్లయినా నిండకముందే బొంబాయి చేరి, 1929లో మూకీల్లో అడుగుపెట్టాడు. సినిమాకు మాట రాకముందే పదికి పైగా చిత్రాల్లో నటించాడు. మాట వచ్చాక అర్ధశతాబ్దం పాటు హిందీ తెర మీద నిలిచాడు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నాడు. 2000 ఆగస్టు 11న ముంబైలో కన్నుమూశాడు. ఇంత పొడవైన నట జీవితం ఉన్న మనిషి తెలుగువాళ్ల జ్ఞాపకంలో ఎందుకు నిలవలేదు? ఆయన వెళ్లిపోయాడు కాబట్టి అనేది మామూలుగా వినిపించే జవాబు. అది సగం నిజమే. జైరాజ్‌ను టాకీల యుగంలో నిలబెట్టిన భాషే ఆయనను మనకు దూరం చేసింది. ఆ భాష ఆయనకు హైదరాబాద్ నగరం నుంచి వచ్చింది. తెలుగును కాపాడిన గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాల నుంచి రాలేదు. ఒకే రాజ్యంలో ఉన్న ఈ రెండు లోకాలను పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఆయన కథ అర్థం కాదు.

ముందు సంస్థానాల సంగతి. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. పాలమూరు సీమలోని సంస్థానాలు మాత్రం తెలుగుకూ సంస్కృతానికీ నీడనిచ్చాయి. గద్వాలను విద్వద్గద్వాల అన్నారు. ఏటేటా జరిగే పండిత సభలకు దూరప్రాంతాల నుంచి కవులూ శాస్త్ర పండితులూ వచ్చేవారు. నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపురం కేంద్రంగా జటప్రోలు సంస్థానాన్ని ఏలింది సురభి వంశం. చంద్రికాపరిణయం రాసిన సురభి మాధవరాయలు ఆ వంశపు రాజే. నాటక సమాజంగా పేరుబడ్డ సురభికీ ఈ వంశానికీ సంబంధం లేదు. ఆ సమాజానికి పేరు కడప సీమలోని సురభి గ్రామం నుంచి వచ్చింది. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల్లో అవధానాలు చేసి సత్కారాలు అందుకున్నారు. తెలుగు పల్లెల్లో ఇంటింటా తెలిసిన పాండవ నాటకాలను తర్వాత రాసింది కూడా ఈ జంటకవులే. సభలో అవధాని గొంతెత్తి చదివిన పద్యం, రంగస్థలం మీద కృష్ణుడు రాగం తీసి పాడిన పద్యం ఒకే చెట్టు కొమ్మలు. ఈ నేల మీద నటన అంటే ముందుగా గొంతు.

పద్యనాటకం జరిగే రాత్రిని ఒకసారి తలుచుకుంటే ఆ గొంతు విలువ తెలుస్తుంది. ఊరి నడుమ పందిరి, పక్కన పెట్రోమాక్స్ దీపం, ఒక మూల హార్మోనియం, తబలా. మైకు లేని కాలం. అద్దెకు తెచ్చిన కిరీటం, భుజకీర్తులు, ముఖానికి ముర్దారు సింగి. పాత్రధారి అడుగు ముందుకు వేసి, హార్మోనియం శ్రుతి అందుకుని పద్యం ఎత్తుకుంటాడు. చివరి పాదం దగ్గర రాగం సాగదీస్తే, పందిరి అవతల బండి మీద కూర్చున్నవాడికి కూడా వినబడాలి. వినబడితేనే నటుడు. బాగుందనిపిస్తే జనం వన్స్‌మోర్ అంటారు. యుద్ధం నడుమ ఉన్నా, ఏడుపు నడుమ ఉన్నా పాత్ర ఆగి అదే పద్యాన్ని మళ్లీ పాడుతుంది. అక్కడ కథ కన్నా, ముఖం మీది భావం కన్నా పద్యానిదే పైచేయి. ఆ దీపం వెలుగులో ఇరవై గజాల అవతల ఉన్నవాడికి నటుడి కళ్లు ఎలాగూ కనబడవు. కాబట్టి ఆ కళ భావాన్నంతా గొంతులోకి తెచ్చుకుంది. దాన్ని లోపమనడం తప్పు. ఆ పరిస్థితుల్లో పుట్టగలిగిన గొప్ప నేర్పు అదే.

మూకీ సినిమా సరిగ్గా దీనికి ఎదురు పద్ధతి కోరింది. అక్కడ గొంతుకు పని లేదు. ముఖం తెర నిండా పడుతుంది, కనురెప్ప కదిలినా హాలంతా చూస్తుంది. ఈ మార్పు ఎంత లోతైనదో తెలియాలంటే జర్మనీ వైపు చూడాలి. బెర్లిన్‌లో మాక్స్ రైన్‌హార్ట్ రంగస్థలం మీద తయారైన నటులు అక్కడి మూకీలకు బలమయ్యారు. ఎమిల్ యానింగ్స్ వారిలో ముఖ్యుడు. 1924లో ముర్నావ్ తీసిన ద లాస్ట్ లాఫ్‌లో ఆయన ఒక పెద్ద హోటల్ ముందు నిలబడే ముసలి కాపలాదారు. బంగారు గుండీల కోటే అతని గౌరవం. ముసలివాడయ్యాడని యాజమాన్యం ఆ కోటు విప్పించి, మరుగుదొడ్ల దగ్గర పనికి పెడుతుంది. ఆ సినిమాలో సంభాషణ అట్టలు లేవు. మనిషి కుప్పకూలడమంతా వీపు వంగడంలో, నడక మారడంలో కనబడుతుంది. మాట తీసేస్తే నటన తగ్గిపోతుందన్న అనుమానాన్ని ఆ చిత్రం పోగొట్టింది. మాట తీసేయడం వల్ల మరొక మేలు కూడా జరిగింది. నటుడికి భాషా ఎల్లలు చెరిగిపోయాయి. ఆ యానింగ్స్ హాలీవుడ్‌కు వెళ్లి, 1929లో ఇచ్చిన మొట్టమొదటి ఆస్కార్ ఉత్తమ నటుడి బహుమతి గెలుచుకున్నాడు. ఇంగ్లీషు సరిగా రానివాడికి అమెరికాలో ఆ గౌరవం దక్కడం మూకీల కాలంలోనే సాధ్యం.

మన దగ్గరా మూకీ అదే పని చేసింది. బొంబాయిలో తీసిన చిత్రానికి సంభాషణ అట్టలు రెండు మూడు భాషల్లో రాసేవారు. చదువు రానివాళ్ల కోసం హాల్లో ఒకరు నిలబడి కథ చెప్పేవారు. ఒక చిత్రం లాహోర్‌లోనూ మద్రాసులోనూ ఆడేది. నటుడి ఇంటి భాష ఏమిటని ఎవరూ అడగలేదు. కరీంనగర్ పిల్లవాడికి బొంబాయి తెర మీద చోటు దొరకడానికి ఇదే మొదటి కారణం. మరి హైదరాబాద్‌లోనే ఎందుకు దొరకలేదు? దొరికే అవకాశం ఒకప్పుడు ఉండేది. బెంగాల్ నుంచి వచ్చి హైదరాబాద్‌లో చిత్రకళ నేర్పిన ధీరేంద్రనాథ్ గంగూలీ 1922లో ఇక్కడ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి వరసగా మూకీలు తీశాడు. 1924లో రజియా బేగం అనే చిత్రం ప్రదర్శించినందుకు నిజాం ప్రభుత్వం ఆగ్రహించి ఆయనను రాజ్యం విడిచి వెళ్లమంది. ఆయన కలకత్తా చేరుకున్నాడు. నగరంలో చిగురించిన చిత్ర నిర్మాణం అక్కడితో కుంటుపడింది. ఐదేళ్ల తర్వాత జైరాజ్‌కు నటుడు కావాలనిపించినప్పుడు ఆయనకు మిగిలింది బొంబాయి రైలే. ఆయన వెళ్లిపోయాడు అనే ముందు, ఇక్కడ ఉండడానికి తావు లేకుండా పోయిందని కూడా చెప్పాలి.

నగరంలో తెలుగుకు అప్పుడున్న చోటు ఎంతో ఇంకొక సంఘటన చెబుతుంది. 1921 నవంబరు 12న హైదరాబాద్ వివేకవర్ధని పాఠశాలలో సంఘ సంస్కరణ సభ జరిగింది. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గేలిచేసి ఆయనను మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అదే నగరంలో జైరాజ్ పెరిగాడు. బడిలో, బజారులో, స్నేహితుల మధ్య ఉర్దూ. నిజాం కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం కాబట్టి చదువు ఇంగ్లీషులో. ఇంట్లో తెలుగు ఉన్నా, నలుగురిలో గొంతెత్తి పలికే భాష అది కాదు. గద్వాల కోటలో పద్యం చదివితే శాలువా కప్పిన రోజుల్లోనే, రాజధానిలో తెలుగులో ఉపన్యాసం చెప్పబోతే గేలిచేశారు. ఒక నటుడికి ఏ భాష నోటికి పట్టుబడుతుందో నిర్ణయించేది ఇలాంటి పరిస్థితులే.

మూకీల్లో జైరాజ్ మొదటి చిత్రం జగ్‌మగతీ జవానీ, 1929లో వచ్చింది. 1930లో రసీలీ రాణి. మహాసాగర్ మోతీ, మాతృభూమి వంటి చిత్రాలు ఆ వరసలోవే. పొడుగైన కండపట్టిన శరీరం, చురుకుదనం ఆయన పెట్టుబడి. మాట లేని తెరకు కావలసింది అదే. 1931లో ఆలం ఆరాతో టాకీ వచ్చింది. అప్పటిదాకా తెరను ఏలినవాళ్లలో చాలామంది ఒక్కసారిగా ఇబ్బందిలో పడ్డారు. యాస ఉన్నవాళ్లు, హిందుస్తానీ పలకలేనివాళ్లు, పాట రానివాళ్లు పక్కకు తప్పుకున్నారు. ప్రపంచమంతా ఇదే జరిగింది. ఆస్కార్ గెలిచిన యానింగ్స్ సైతం ఇంగ్లీషు ఉచ్చారణ అడ్డొచ్చి జర్మనీకి తిరిగి వెళ్లిపోయాడు. బెర్లిన్ రంగస్థలం నుంచే వచ్చిన కాన్రాడ్ ఫైట్ హిట్లర్ పాలనను కాదని దేశం విడిచాడు. నాజీలంటే అంతగా అసహ్యించుకున్న ఆ మనిషికి, జర్మన్ యాస వల్ల, 1942లో కాసాబ్లాంకాలో దొరికింది నాజీ అధికారి వేషమే. మూకీ చెరిపేసిన ఎల్లలను టాకీ మళ్లీ గీసింది. ఆ గీత దాటగలిగిన కొద్దిమందిలో జైరాజ్ ఒకడు. హైదరాబాద్ నేర్పిన ఉర్దూ ఆయనను గట్టెక్కించింది.

1938లో బాంబే టాకీస్ తీసిన భాభీలో జైరాజ్ కథానాయకుడు. ఆ చిత్ర దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్ మ్యూనిక్ నుంచి వచ్చినవాడు. 1925లో హిమాంశు రాయ్‌తో కలిసి బుద్ధుడి కథను ప్రేమ్ సన్యాస్ పేరుతో మూకీగా తీసింది ఆయనే. 1939లో యుద్ధం రాగానే బ్రిటిష్ ప్రభుత్వం ఆస్టెన్‌ను నిర్బంధించింది. జర్మన్ మూకీల పనితనం, తెలంగాణ నటుడి ముఖం ఒకే ఫ్రేములో కలిసిన సందర్భంగా భాభీని గుర్తుంచుకోవాలి. ఆ తర్వాత జైరాజ్ పేరు చారిత్రక పాత్రలతో పెనవేసుకుపోయింది. అమర్‌సింగ్ రాథోడ్, పృథ్వీరాజ్ చౌహాన్, టిప్పు సుల్తాన్, దుర్గాదాస్, రాణా ప్రతాప్, చంద్రశేఖర్ ఆజాద్ అందరూ ఆయనే. 1950ల్లో, 60ల్లో ఉత్తర భారతంలోని పిల్లలు చరిత్ర పుస్తకంలోని వీరుణ్ణి ఊహించుకుంటే చాలామందికి కనబడిన ముఖం ఒక తెలుగువాడిది. 1951లో సాగర్ అనే చిత్రాన్ని స్వయంగా తీశాడు. షోలేలో పోలీసు అధికారిగా కనబడేదాకా ఆయన తెర మీద ఉన్నాడు.

ఇప్పుడు అదే కాలంలో తెలుగు టాకీ ఎటు నడిచిందో చూద్దాం. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన భక్త ప్రహ్లాద తొలి తెలుగు టాకీ. హెచ్.ఎం.రెడ్డి దాన్ని తీసింది బొంబాయిలోనే, సాగర్ మూవీటోన్ కోసం. జైరాజ్ అప్పటికే అదే నగరంలో తారగా ఉన్నాడు. అయినా ఆ చిత్రంలో నటించడానికి మనుషులు తెలుగు రంగస్థలం నుంచే వెళ్లారు. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, లీలావతి సురభి కమలాబాయి. చిత్రానికి ఆధారం ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం. ఇందులో ఎవరి తప్పూ లేదు. టాకీ వచ్చిన కొత్తలో తెలుగు జనం తెర నుంచి కోరుకున్నది పందిట్లో విన్న పద్యాన్నే. పద్యం పాడగలిగినవాడే నటుడు. పద్యనాటకం పండిన నేల నుంచి నటులు నేరుగా టాకీలోకి నడిచారు. పద్యం నోట పలకని నగర యువకుడు, ఎంత పేరున్నా, ఆ గుమ్మం ముందు ఆగిపోయాడు. మూకీకి శరీరం చాలు, తెలుగు టాకీకి పద్యం కావాలి, హిందీ టాకీకి ఉర్దూ కావాలి. జైరాజ్ దగ్గర మొదటిదీ మూడోదీ ఉన్నాయి. ఆయన దారి ఎటు సాగిందో చెప్పడానికి దేశాభిమానం, ద్రోహం వంటి పెద్ద మాటలు అక్కర్లేదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. తెలుగు సినిమాల్లో చోటు లేని మనిషిని తెలుగు సినిమా చరిత్రలో ఎలా చేరుస్తారు? న్యాయమైన ప్రశ్నే. అయితే తెలుగు సినిమాకు పితామహుడిగా మనం ఎవరిని కొలుస్తున్నామో గుర్తుచేసుకోవాలి. రఘుపతి వెంకయ్య నాయుడిని. ఆయనా, ఆయన కుమారుడు ప్రకాశ్ కలిసి 1921లో తీసిన భీష్మ ప్రతిజ్ఞ మూకీ. అందులో తెలుగు మాట ఒక్కటీ వినబడదు. అయినా ఆ చిత్రాన్ని మనదంటున్నాం. దాన్ని తీసినవాళ్లు మనవాళ్లు కాబట్టి అలా అనడం సబబే. ఆ కొలబద్దే జైరాజ్‌కూ వర్తించాలి. మాట లేని చిత్రం తీసినవాడు మనవాడైతే, మాట లేని చిత్రంలో నటించినవాడూ మనవాడే. మద్రాసుకు ఒక కొలత, కరీంనగర్‌కు ఒక కొలత ఉండకూడదు.

రెండో అభ్యంతరం పాలమూరు వైపు నుంచి వస్తుంది. జైరాజ్ ఇక్కడివాడు కాదు, ఆయన కథతో గద్వాలకూ నాగర్‌కర్నూల్‌కూ ఏం పని? పైగా ఇక్కడి కళ అంతా గొంతే అనడం కూడా సరికాదు. వీధి భాగోతంలో, చిందులో అడుగు ఉంది, ఒళ్లు ఉంది. ఈ మాటలో నిజముంది. చిందు భాగవతుల గజ్జెల అడుగు ఏ తెరకైనా సరిపోయేదే. కానీ ఆ కళాకారులకు బొంబాయి దారి చూపించగలిగిన చదువు గానీ, డబ్బు గానీ, పరిచయాలు గానీ ఆ రోజుల్లో లేవు. సంస్థానాల ఆదరణ పండితుడి పద్యానికి దక్కినంతగా చిందు మేళానికి దక్కలేదు. కాబట్టి ఈ నేల నుంచి మూకీల్లోకి దారి రెండు వైపులా మూసుకుంది. గౌరవం ఉన్న కళకు గొంతే ప్రధానం, ఒళ్లు ప్రధానమైన కళకు గౌరవం లేదు. జైరాజ్ కథ పాలమూరుకు చెప్పేది ఇదే. ఆయన ముందు తెరుచుకున్న తలుపు ఏదో చూస్తేనే మనకు మూసుకున్న తలుపు ఏదో తెలుస్తుంది. నేటికీ ఈ సీమను సినిమా పిలిచేది గొంతు కోసమే. నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు కిన్నెర మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీటుతూ వీరుల కథలు పాడుతూ జీవించాడు. సినిమా పాటలో ఆయన గొంతు వినబడ్డాకే దేశమంతా ఆయనను చూసింది. 2022లో పద్మశ్రీ వచ్చింది.

గౌరవం ఆలస్యంగానైనా వచ్చింది కదా, ఇంకా ఈ చర్చ ఎందుకనే మాటా ఉంటుంది. ఫాల్కే పురస్కారాల జాబితా చూస్తే 1975 సంవత్సరానికి ధీరేంద్రనాథ్ గంగూలీ, 1980 సంవత్సరానికి జైరాజ్ కనబడతారు. ఒకరిని హైదరాబాద్ వెళ్లగొట్టింది, మరొకరిని నిలుపుకోలేకపోయింది. ఇద్దరినీ దేశం గౌరవించింది. తెలంగాణ ఏర్పడ్డాక రవీంద్రభారతిలోని ప్రివ్యూ థియేటర్‌కు పైడి జైరాజ్ పేరు పెట్టారు. మంచి పని. కానీ పేరు పెట్టడం, చరిత్ర రాయడం ఒకటి కాదు. మన దేశంలో 1,300కు పైగా మూకీలు తయారైతే నేడు చూడగలిగినవి బహు కొద్ది. రీళ్లు కాలిపోయాయి, కరిగిపోయాయి, వెండి కోసం అమ్ముడుపోయాయి. మనిషి పేరు మిగిలి పని కనబడకుండా పోవడమంటే ఇదే. పద్యనాటకానికి ఆ మాత్రం రీలు కూడా లేదు. అది జరిగిన రాత్రే ముగిసిపోతుంది.

అందుకే చివరి మాట గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పాఠకులకు, మరీ ముఖ్యంగా అక్కడి తెలుగు అధ్యాపకులకూ విద్యార్థులకూ. మీ ఊళ్లో పాండవ నాటకం ఆడిన కృష్ణుడెవరు, హార్మోనియం వాయించిందెవరు, వేషాలు కట్టిందెవరు, చిందు మేళం ఏ నెలలో ఏ గడపకు వచ్చేది అని ఇళ్లలోని పెద్దలను అడగండి. పేరు, ఊరు, ఆడిన పాత్ర రాసుకోండి. పాత కరపత్రం, ఫొటో, చేతిరాత నాటకం ప్రతి కనబడితే నకలు తీయండి. నడిగడ్డలో పుట్టిన ప్రతాపరెడ్డి రైళ్లూ ఫోన్లూ అరుదైన రోజుల్లో 354 మంది కవులను లెక్కించగలిగారు. మన నటుల లెక్క ఇంకా తేలాల్సే ఉంది. ఆ జాబితా మొదటి వరసలో పైడి జైరాజ్ పేరు రాసి, దాని కింద మీ ఊరి పేరుతో మొదలుపెట్టండి.